పేర్లు తీసేసి చదివిన వార్త

మా కాలేజీలో మొదటి పీరియడ్ రాజ్యాంగం. చంద్రగిరి పోయే దోవలో కల్యాణ మండపానికని కట్టి, బేరాలు రాక లా కాలేజీకి బాడుగకిచ్చిన బిల్డింగు మాది. కిటికీలోంచి బయటకి చూస్తే కొండ, లోపలికి చూస్తే నిద్రమొహాలు. పొద్దున తొమ్మిదికి ఎవరికైనా ప్రాథమిక హక్కులు చెప్పి చూడండి, తెలుస్తాది నా బాధ. పుస్తకం తెరిస్తే చాలు, ముందు బెంచీలో మొదలైన ఆవలింత వెనక బెంచీ దాకా పోయేది. అందుకని నేను పుస్తకం మూయించి పేపరు తెరిపించినాను.

పద్ధతి ఏమంటే, రోజుకొకరు జిల్లా పేజీలోంచి ఒక వార్త తెచ్చి నిలబడి చదవాల. అందులో రాజ్యాంగం యాడ దాక్కోని ఉండాదో మిగతావాళ్లు పట్టుకోవాల. రెండు పక్కలా వాదించి, ఆఖర్న చేతులెత్తి తీర్పు చెప్పాల. రూల్సు రెండే. మొదటిది, మనిషి పేరు గానీ ఊరి పేరు గానీ పార్టీ పేరు గానీ చదవకూడదు. మావాళ్లకు పేరు వినపడితే కులం తెలిసిపోతాది, కులం తెలిసినాక రాజ్యాంగం ఎవరికి కావాల? ఇంటిపేరు విని ఓటెవరికేస్తాడో చెప్పే ఘనులు ఉండారు నా క్లాసులో. రెండోది, పేపర్లో ఏముంటే అదే జరిగింది. "మా మామ ఆడనే ఉన్నాడంట మేడం, అసలు జరిగింది వేరే" అంటే నా దగ్గర కుదరదు. జరిగిందేందో తేల్చే పని కింది కోర్టుది. మనకిచ్చిన సంగతులు ఇచ్చినట్టు తీసుకోని, చట్టం మాత్రం మాట్లాడాల. మూట్ కోర్టు పోటీల్లో అంతే గదా. అది ఉత్తుత్తి కోర్టు, పిల్లోళ్లు లాయర్ల మాదిరి నిలబడి వాదిస్తారు. ఎదుటోడు చెప్పిన సంగతులన్నీ నిజమే అనుకున్నా గూడా కేసు మాదే అని గెలవగలిగినోడే గట్టోడని అందులో లెక్క. ఆ పోటీలకు మావాళ్లని నేనే తయారు చేసి పంపేదాన్ని. కప్పులు తెచ్చి ప్రిన్సిపాల్ రూములో పెట్టినారు, ఆయన వాటిల్లో పెన్నులు పెట్టుకుంటాడు.

పద్ధతి బాగానే పట్టింది. బస్టాండు దగ్గర తోపుడుబండ్లు తీసేసిన వార్త, శ్మశానానికి దోవ ఇయ్యని ఊరి వార్త, ఆడపిల్లోళ్ల బడిలో మరుగుదొడ్డి లేని వార్త, ఏది తెచ్చినా క్లాసు కుతకుత ఉడికేది. పక్క క్లాసులో కాంట్రాక్టులు చెప్పే సారు వచ్చి, ఏం తల్లీ, నీ క్లాసులో రాజ్యాంగం చెప్తుండావా, పంచాయితీ పెట్టినావా అని ఎత్తిపొడిచేవాడు. రెండూ ఒకటే గదా సార్ అనేదాన్ని. ఆ కాలంలో నాకు కొంచెం గర్వం గూడా ఉండేది. ఇప్పుడు ఏమీ లేదు.

ఆ క్లాసులో ఒక పిల్ల ఉండేది. ఏర్పేడు అవతల ఊరు, రోజూ కాళహస్తి బస్సు పట్టుకోని వచ్చేది. నాయన శెనక్కాయ చేలల్లో కూలి, తల్లి లేదు. అన్న ఒక చిన్న వ్యాను బాడుగకు తోలతాడు. చెల్లెల్ని లాయర్ని చెయ్యాల అని పట్టుబట్టి చేర్పించింది ఆయనే. ఆ పిల్లకు జంకూ గొంకూ లేదు. నేనేదన్నా చెప్పి ఊపిరి పీల్చుకునే లోపల "అయితే మేడం" అని లేచేది. ఆ అయితే తర్వాత వచ్చే ప్రశ్నకు నేను లైబ్రరీకి పోవాల్సి వచ్చేది. ఒక పోటీలో జడ్జిగా కూర్చున్న పెద్ద లాయరుతో, "మీరు నన్ను భయపెట్టాలని చూస్తున్నారు గానీ నా ప్రశ్నకు జవాబు చెప్పలేదు సార్" అని నవ్వుకుంటా అనేసింది. ఆయన గూడా నవ్వి మార్కులు ఏసినాడు.

ఒకసారి ఆ పిల్ల కొన్నాళ్లు రాలేదు. వచ్చినాక అడిగితే జ్వరం అనింది. మొహం చూస్తే నిజమే అనుకున్నా. ఆ పొద్దు వార్త చదివే వంతు తనది కాదు, అయినా నేను చదువుతా మేడం అని లేచింది.

వార్త చిన్నదే. ఎర్రచందనం దుంగలు తరలిస్తా, పోయిన నెల ఒక సోమవారం తెల్లారుజామున అడివి అంచున పట్టుబడి, జైల్లో ఉన్న ఒక వ్యాను డ్రైవరు మీద పీడీ యాక్టు పెట్టినారు. ముందర గూడా ఒక కేసు ఉండాది. బయట ఉంటే మళ్లా అదే పని చేస్తాడు కాబట్టి ఏడాది దాకా లోపలుంచాలని కలెక్టరు ఆర్డరిచ్చినాడు. అంతే. రూలు ప్రకారం పేర్లేవీ లేకుండా, గొంతు ఎక్కడా తొణక్కుండా చదివింది.

పీడీ యాక్టంటే, చేసిన నేరానికి కాదు, చేయబోయే నేరానికి లోపలెయ్యడం. రుజువు అక్కర్లేదు, శిక్ష అని పేరు లేదు, మామూలు బెయిలు లేదు. మన రాజ్యాంగమే ఇరవై రెండో ఆర్టికల్‌లో దానికి తలుపు తీసిపెట్టింది. పట్టుకున్నోడిని ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందర పెట్టాల, లాయర్ని పెట్టుకునే హక్కు ఇయ్యాల అని ఒక చేత్తో రాసి, ఇట్లాంటి నిర్బంధానికి మాత్రం అవేవీ వర్తించవు అని ఇంకో చేత్తో కొట్టేసింది. ఆ ఆర్టికల్ చెప్పేటప్పుడల్లా నాకు ఒళ్లు మండతాది. ఆ పొద్దు గూడా మండతానే చెప్పినా.

క్లాసు రెండుగా చీలింది. మా క్లాసులో ఒక కానిస్టేబుల్ కొడుకు ఉండేవాడు, మంచోడే, కాకపోతే ప్రతిదానికీ నాయన డ్యూటీనే గుర్తొస్తాది వాడికి. అడివిలో రాత్రులు కాపలా కాసేవాళ్ల బాధ మీకేం తెలుసు, ఈ డ్రైవర్లు బెయిలు మీద వచ్చిన మర్నాడే మళ్లా బండి తీస్తారు అన్నాడు. చేతులెత్తమంటే ముక్కాలు భాగం కలెక్టరు పక్కే. ఆ పిల్ల ఇంకా నిలబడే ఉండాది.

"అయితే మేడం," అనింది. "పేపర్లో సోమవారం అని ఉండాది. ఆయప్పని శనివారం సాయంత్రమే పంచర్లేసే అంగడి దగ్గర్నించి ఎత్తుకపోయింటే?"

"పేపర్లో ఉన్నదే ఫ్యాక్ట్ గదా, రూలు రూలే," అన్నాడు కానిస్టేబుల్ కొడుకు.

"ఆ డ్రైవరు మా అన్న," అనింది ఆ పిల్ల, అని కూర్చుంది.

ఎత్తిన చేతులు అప్పటికే దించినారు గానీ, ఆ చేతుల్ని యాడ పెట్టుకోవాలో వాళ్లకు తెలియలేదు. నాకూ తెలియలేదు. బెల్లు కొట్టినారు.

తర్వాత స్టాఫ్ రూములో కూర్చోబెట్టి అడిగితే మొత్తం చెప్పింది. ముందరి కేసు నిజమే. ఒకసారి కూలోళ్లని బాడుగకు ఎక్కించుకున్నాడు, వాళ్లు అడివికి పోయేవాళ్లని తర్వాత తెలిసింది, అప్పుడు బెయిలు వచ్చింది. ఈసారిది మాత్రం పచ్చి అబద్ధం. శనివారం సాయంత్రం పంచర్ ఏపించుకుంటా కూర్చున్నోడిని అందరూ చూస్తుండగా జీపులో ఎక్కించుకోని పోయినారు. సోమవారం తెల్లారుజామున అడివిలో దుంగలతో దొరికినాడని రాసినారు. పంచర్ల అంగడాయన నోటితో చెప్తాడంట గానీ సంతకం పెట్టనంటాడు, ఆయన భయం ఆయనది. మా అన్నని బయటకి తీసుకొచ్చే దారి ఏదన్నా చూపించండి మేడం అనింది. ఏడవలేదు. ఏడ్చింటే ఓదార్చి పంపించేసి ఉందును.

దారి వెతికినాము. క్లాసంతా వెతికింది, అందరికంటే ఎక్కువ ఆ కానిస్టేబుల్ కొడుకు వెతికినాడు. ఇట్లాంటి నిర్బంధాన్ని ముగ్గురు పెద్దమనుషులుండే సలహా బోర్డు చూడాల. సరైన కారణం లేదని బోర్డు చెప్తే ప్రభుత్వం వదిలిపెట్టాల్సిందే. కానీ ఆ బోర్డు ముందరికి లాయరు రాకూడదు. దేవుడు వరమిచ్చినా పూజారి అడ్డం నిలబడినట్టు ఉండాదే ఇది అని తల పట్టుకున్నా. అప్పుడు వాడే ఒక పాత తీర్పు పట్టకొచ్చినాడు. లాయరు పనికిరాడు గానీ, లాయరు కాని స్నేహితుణ్ణి తోడు తెచ్చుకుంటానని అడిగితే బోర్డు ఒప్పుకోవచ్చు.

మేమంతా ఆ పిల్లని చూసినాము. నాలుగో ఏడాది లా చదువుతుండాది, ఇంకా లాయరు కాలేదు. ఆయప్పకు సొంత మనిషై, చట్టం తెలిసీ లాయరు కానిది తనొక్కతే. ఆ పొద్దు క్యాంటీన్లో అందరికీ టీ ఆ కానిస్టేబుల్ కొడుకే తెప్పించినాడు. చాన్నాళ్లకు ఆ పిల్ల నవ్వింది. మేడం, నేను ఇంకా పాస్ కాకపోవడమే మేలైంది అనింది.

బోర్డు ఒప్పుకుంది. రోజూ సాయంత్రం క్లాసులోనే రిహార్సలు. నేను, ఇంకో ఇద్దరు బోర్డు మాదిరి కూర్చునేవాళ్లం. మొదటి వాదన చట్టం మీద. జైల్లో ఉన్నోడు, బెయిలు గూడా అడగనోడు బయటకొచ్చి నేరం చేస్తాడని ఎట్లంటారు? లోపలున్నోడిని మళ్లా లోపలెయ్యడం యాడన్నా ఉండాదా? దానికి పెద్ద కోర్టు తీర్పులు బోలెడు ఉండాయి. శనివారం సంగతి రెండోది, ఎందుకంటే దానికి కాగితం లేదు, నోటిమాటే. బలమైంది ముందర, బలహీనమైంది వెనక. మూట్ కోర్టులో అట్లనే నేర్పిస్తాం. ఆ పిల్ల అదరగొట్టేసింది. ఇంతమాత్రం వాదించే లాయరు మన జిల్లా కోర్టులో లేడప్పా అని నేనే అన్నా.

బోర్డు కూర్చునే ఊరికి ఆ పిల్ల, వాళ్ల నాయన, నేను రైల్లో పోయినాము. లోపలికి ఆ పిల్లకు మాత్రమే పర్మిషను. అన్నని పోలీసులు జైలు నుంచి తెచ్చినారు. వరండాలో మా ముందర్నించే పోయినాడు. మనిషి సగమైనాడు గానీ చెల్లెల్ని చూసి తల ఊపినాడు, ఏం కాదులే అన్నట్టు. నాయన, నేను బెంచీ మీద కూర్చున్నాము. ఆయన నన్ను, లోపల మా పాప గట్టిగానే మాట్లాడతాది గదమ్మా అని అడిగినాడు. గట్టిగానే మాట్లాడతాదిలేప్పా అని చెప్పినా. ఆయన ఇంకో ముక్క అడిగే లోపలే ఆ పిల్ల బయటకొచ్చేసింది.

లోపల జరిగింది తన నోట విన్నదే. ఎవరూ కసరలేదంట. చాలా మర్యాదగా, చెప్పమ్మా అన్నారంట. ఆ పిల్ల మేము నేర్పించినట్టే మొదలుపెట్టింది. ఆర్డర్లో రాసిన సంగతులన్నీ నిజమే అనుకున్నా గూడా ఈ ఆర్డరు చెల్లదండీ అనింది. ముగ్గురిలో ఒకాయన కళ్లజోడు సర్దుకోని, అయితే సంగతుల మీద మీకు గొడవ లేదన్నమాట అన్నాడు. ఈ వాదన వరకూ లేదండీ అనింది. ఆయన ఏదో రాసుకున్నాడు, అన్నని మాత్రం ఒక్క మాట గూడా అడగలేదంట. లోపలున్నోడిని లోపలెయ్యడం గురించి తీర్పులు చెప్పబోతే, అవన్నీ హైకోర్టులో చెప్పుకోవాలమ్మా, మేం చూసేది జరిగిన సంగతులు, నిర్బంధానికి కారణం ఉండాదా లేదా అని మాత్రమే అన్నారు. అయితే శనివారం అని తను నోరు తెరిచే లోపల, మంచిదమ్మా అని ఇంకొకర్ని పిలిచినారు. శనివారం సార్, శనివారం అని తను రెండుసార్లు అనిందంట. అప్పటికే తలుపు దగ్గర పోలీసాయన చెయ్యి చూపిస్తుండాడు.

ఉత్తుత్తి కోర్టులో సంగతులు ఒప్పుకుంటే తెలివి. అసలు చోట సంగతులే తేల్చేవాళ్ల ముందర అవే ఒప్పుకోని వచ్చినాము. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిపోయింది. ఈ తప్పు ఏ చదువురాని మనిషీ చెయ్యడు. ఆ నాయన పోయి నిలబడింటే, మా వాణ్ణి శనివారమే ఎత్తుకపోయినారు సామీ అని మొదటి మాటే చెప్పుండును. ఇంత చదివించి మేము ఆ మాట వెనకబెట్టినాము. నా మీద, నా క్లాసు మీద, ఆ కప్పుల మీద నాకు అసహ్యం పుట్టింది. ఇప్పటికీ పోలేదు.

నిర్బంధం ఖాయం చేస్తా ఆర్డరు వచ్చింది. హైకోర్టులో ఒక లాయరుతో పిటిషన్ ఏపించినాము. ప్రభుత్వం జవాబు వెయ్యడానికి వాయిదా మీద వాయిదా తీసుకుంది. ఆఖరికి వేసిన జవాబులో ఏముండాదంటే, నిర్బంధంలో ఉన్న వ్యక్తి సొంత చెల్లెలే, అందులోనూ న్యాయశాస్త్రం చదువుతున్న మనిషే, సంగతుల మీద వివాదం లేదని బోర్డు ముందర ఒప్పుకుంది అని. ఆ పిల్ల అది చదివి మడిచి నా చేతికిచ్చింది. నేను దాన్ని బ్యాగులో పెట్టుకున్నా.

ఆ తర్వాత క్లాసుకు రావడం తగ్గించింది. జైలుకు గూడా నాయన ఒక్కడే పోయి వచ్చేవాడు. పరీక్ష ఫీజు నేను కడతానంటే, చూద్దాం లే మేడం అనింది. పరీక్షలకు రాలేదు. కాళహస్తిలో ఒక బట్టలంగట్లో చేరిందని పిల్లోళ్లు చెప్పినారు. పోయి చూస్తే నిజమే, ఎవరికో చీరలు మడతలు విప్పి చూపిస్తుండాది. నన్ను చూసి రండి మేడం, ఏం చూపించమంటారు అనింది. నవ్వుతానే అనింది. అంగడి ఓనరు చూస్తుండాడని నేను ఒక చీర కొనుక్కోని వచ్చేసినా.

పిటిషన్ విచారణకు వచ్చేసరికి ఏడాది నిండిపోయింది. నిర్బంధం అయిపోయింది కాబట్టి ఇంక తేల్చాల్సిందేమీ లేదని మూసేసినారు. దుంగల కేసులో బెయిలు అంతకు ముందే తెచ్చినాము, ఆయప్ప బయటకొచ్చినాడు. వదిలిపెట్టినందుకు కాదు, గడువు తీరినందుకు.

వచ్చినాడని తెలిసి ఒక ఆదివారం వాళ్లూరికి పోయినా. ఆ పిల్లకు సెలవు, ఇంట్లోనే ఉండాది. అన్న అరుగు మీద కూర్చోని ఉండాడు. వెంట్రుకలు నెరిసినాయి, ముప్పై గూడా లేవు మనిషికి. లేచి నాకు కుర్చీ ఏసినాడు. వ్యాను ఇంకా పోలీసుల దగ్గరే, ఎండకి వానకి అట్లే పడుండాది, టైర్లు గూడా పోయినాయి అని చెప్పినాడు. ఏం చెయ్యాలనుకుంటుండావప్పా అంటే, ఎవరి బండన్నా తోలాల, ఎవురిస్తారో చూడాల అన్నాడు. వాకిలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించినాడు.

"మేడం, ఒకటి అడగాల. ఏడాదంతా ఇదే ఆలోచన నాకు. ఆ పొద్దు పెద్దోళ్ల ముందర మా పాప, వాళ్లు రాసిందంతా నిజమే అనుకోండి అనింది. నేను పక్కనే ఉన్నా, విన్నా. శనివారం నేను యాడుండానో దానికి తెలుసు. అట్లెందుకు చెప్పింది?"

కోపం లేదు మనిషిలో. తెలుసుకోవాలని అడుగుతుండాడు. అది వాదనలో ఒక పద్ధతప్పా, ఒప్పుకున్నట్టు కాదు, వాళ్లు చెప్పింది నిజమే అయినా గూడా మనదే న్యాయం అని చూపించడానికి అట్ల మొదలుపెడతారు అని చెప్పుకుంటా పోయినా. క్లాసులో చెప్పే మాటలే. ఆయన శ్రద్ధగా విన్నాడు, నా స్టూడెంట్లు గూడా అట్ల విని ఉండరు.

"నిజం కానిదాన్ని నిజమని మనమెందుకు అనుకోవాల మేడం?" అన్నాడు.

ఇరవై ఏళ్లు అదే పాఠం చెప్పినా, ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

ఆ పిల్ల వాకిట్లోకి వచ్చింది. నీళ్ల గ్లాసు నా చేతికిచ్చి, అన్న పక్కకు తిరిగింది.

"మేడాన్ని ఇడిసిపెట్టు న్నా. నాకు బయమేసింది. ఆ పెద్దోళ్లని చూసేసరికి ఏం చెప్పాలో తోచలేదు, ఒప్పేసుకున్నా."

తోచక కాదు, మేము నేర్పించిందే చెప్పింది. ఆ పిల్లకు భయమనేదే తెలియదు. ఆ సంగతి తనకు తెలుసు, నాకు తెలుసు. చెబుదామని నోరు తెరిచినా, ఆ పిల్ల నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

ఆయన మొహంలో ఏడాది నాటి బరువు దిగిపోయింది. చెల్లెలి తల మీద చెయ్యేసినాడు.

"సర్లే పాపా. ఆడపిల్లవి, అంత పెద్దోళ్ల ముందర ఎవురికైనా బయమేస్తాది. నాకు నీ మీద ఏం లేదులే." నా వైపు తిరిగినాడు. "ఇట్ల బయపడే పిల్లకు కోర్టు పని ఎందుకులే మేడం. నేనే తెలీక ఎగదోసినా. అంగడి పనే దీనికి మేలు."

"అవున్నా, అదే మేలు," అనింది ఆ పిల్ల.

అన్నం తిని పోండి మేడం అన్నాడాయన. ఆ పిల్ల లోపలికి పోయి కంచం కడిగి తెచ్చింది. వద్దనలేక కూర్చోని తిన్నాను.